పురిటి ఊట నీళ్ళు

అక్కకు,

నమస్కారం. ఇక్కడ నానమ్మా నేనూ క్షేమమే. అలా రాయడం ఆనవాయితీ కాబట్టి ముందు రాసేశాను. ఒసాకాలో నువ్వు, బావ, పాప బాగున్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది. పాప నిద్రలో నీలాగే మొహం చిట్లిస్తోందని విని నానమ్మ నవ్వింది.

నువ్వడిగినవాటికి జవాబులు. కాకర పందిరి తుఫానుకు పడిపోయింది. నేనింకా లైబ్రరీలోనే పనిచేస్తున్నాను. నా పెళ్ళి మాట నువ్వు తప్ప ఎవరూ ఎత్తలేదు.

పురిటి ఊట దగ్గర బోర్డు పెట్టారు, తాగకూడదని. కంచె అవతలి సైనిక స్థావరం నుంచి ఏదో రసాయనం భూమిలోకి దిగిందంటున్నారు. వాళ్ళు అవుననరు, కాదనరు, ఎవరినీ లోపలికి రానివ్వరు. కొత్త సంవత్సరం పూజకు మన పేట పెద్ద మియాహిరా గారు సీసా నీళ్ళు కొని తెచ్చి ఊట ముందు పెట్టారు.

"ఏరా, నీకు పురిటిస్నానం ఆ సీసాతోనే చేయించామా?" అంది నానమ్మ, అందరి ముందూ.

"నీళ్ళ పరీక్షలో తేలింది పెద్దమ్మా. నన్నేం చేయమంటావు?"

"కన్నతల్లికి జబ్బు చేస్తే గుమ్మానికి బోర్డు తగిలిస్తావా?"

మియాహిరా గారు సీసాను కాస్త పక్కకు జరిపారు.

మనం చదివిన సిస్టర్ల బడిలో పంపు నీళ్ళనే ఫాదర్ దీవించేవారు, అవి పవిత్రమైపోయేవి. నానమ్మకు అలా కుదరదు. ఆమెకు ఆ ఊటే దేవత. మనం పుట్టినప్పుడు ముమ్మారు వేలు ముంచి మన నుదుట రాసింది ఆ నీళ్ళే.

ఇంతసేపూ రాయకుండా దాటేస్తున్నది ఇది. పాప నుదుటికని నువ్వడిగిన నీళ్ళు నానమ్మ గోడ పట్టుకుని మెట్లు దిగి తనే పట్టింది. సీసా నా చేతికిచ్చి పోస్టు చేయమంది. నేను చేయలేదు. తిరిగి ఊటలోనే పోసేశాను. నుదుటి మీద ఒక్క చుక్కతో ఏమీ కాకపోవచ్చని మియాహిరా గారు అన్నారు. పాప విషయంలో 'కాకపోవచ్చు' అన్న మాట నాకు చాలలేదు.

"చేరిందంటావా?" అని నానమ్మ రోజూ అడుగుతోంది.

"చేరే ఉంటుంది" అంటున్నాను.

పాపకు మీ పంపు నీళ్ళే రాయి. నానమ్మకు మాత్రం మన ఊట నీళ్ళే రాశానని ఉత్తరం పంపు. ఆమెకు చూపు ఆనదు, చదివి వినిపించేది నేనే. కాగితం మీద లేనిది చదవడం నాకు చేతకాదు. అందుకే ఆ అబద్ధం నువ్వే రాయాలి.

ఇట్లు,
నీ చెల్లెలు
ఫుమి