ఇంటి రిజిస్టరు

జూన్ 3, మంగళవారం

రిటైరైన రోజున డైరీ రాయడం మానేశాను. మళ్ళీ మొదలుపెట్టడానికి కారణం ఒకటే. నా మాట మధ్యలో తుంచకుండా వినడానికి ఇక కాగితమే మిగిలింది.

మోకాళ్ళ డాక్టరు మెట్లు ఎక్కవద్దన్నాడు. మాది రెండో అంతస్తు, ఆపైన డాబాయే. ముప్పై ఎనిమిది మెట్లు, లిఫ్టు లేదు. నెలాఖరుకు అమ్మాయి ఇంటికి మారాలి. అంతవరకు తేలింది. తేలనిది ఈ ఫ్లాటు సంగతి. అల్లుడు అమ్మేయమంటాడు. అమ్మాయి కూడా అదే అంటుంది, కాకపోతే నా మొహం చూడకుండా అంటుంది. నేను అద్దెకిద్దామంటాను. అద్దే లాభమని రెండు పేజీల లెక్క వేసి ఇచ్చాను. అల్లుడు పేజీ తిప్పకుండానే చాలా బాగుందండీ అన్నాడు. నా బడిపిల్లలు ఇంతకంటే నమ్మకంగా అబద్ధమాడేవారు.

అసలు కారణం ఇక్కడే రాస్తాను. అమ్మేశాక అక్కడ పొసగకపోతే, తిరిగి రావడానికి నాకంటూ ఒక తలుపు ఉండదు.

జూన్ 5, గురువారం

బ్రోకరు వచ్చాడు. మనిషి కంటే ముందు అతని సెంటు మెట్లెక్కి వచ్చింది. ఇక్కడ అతణ్ణి సెంటు అనే రాస్తాను.

రెండో బాత్‌రూమ్ పక్క గోడ మీద చెమ్మ మరక చూసి, అక్కడో బీరువా జరిపించండి మేడమ్ అన్నాడు. జరిపించను అన్నాను. ఇంటి రిజిస్టరు తీసి ముందు పెట్టాను. కొన్నప్పటి నుంచి ఇరవై ఆరేళ్ళు రాశాను. ఏ కుళాయి ఎప్పుడు మార్చాం, ఏ తలుపు ఎప్పుడు బిగుసుకుంది, ఎవరొచ్చి ఎన్నాళ్ళున్నారు, గోడ ఎప్పుడు తడిసింది, అన్నీ తేదీలతో. వచ్చినవాళ్ళు ముందు ఇది చదవాలి, తర్వాతే గదులు చూడాలి అన్నాను.

సెంటు నాలుగు పేజీలు తిప్పి దండం పెట్టాడు. మనం చూపించేది ఇల్లా మేడమ్, పేషెంటు కేసు షీటా అన్నాడు.

జూన్ 8, ఆదివారం

ముగ్గురొచ్చారు. ఒక కొత్త జంట రిజిస్టరు చూసి నవ్వాపుకుంటూ కిందికి దిగిపోయారు. మెట్ల మలుపు దాకా ఆపుకున్నారు, ఆ తర్వాత నాకు వినిపించింది.

మూడో మనిషి బట్టల షాపు యజమాని. కొనడానికి వచ్చాడు. చెమ్మ గురించి రాసిన చోట్లు మాత్రమే చదివి ధరలో పదో వంతు కోసేశాడు. ఇదేమిటంటే, నేను కాదమ్మగారూ, మీరే రాసిచ్చారుగా అన్నాడు. బట్ట కొలిచేటప్పుడు కూడా ఇలాగే నవ్వుతాడు కాబోలు.

సెంటు తల పట్టుకున్నాడు. నిజం చెప్పొద్దనడం లేదు మేడమ్, ఇండెక్సు వేసి మరీ చెప్పాలా అని అడిగాడు.

జూన్ 9, సోమవారం

అల్లుడి ఫోను. పదో వంతు పోతే పోయింది, వదిలించుకోండి అత్తయ్యగారూ అన్నాడు. వదిలించుకోవడానికి ఇది జలుబా?

డాబా మీద మూడుసార్లు వాటర్‌ప్రూఫింగ్ చేయించాను. మూడు రసీదులూ ఉన్నాయి. చెమ్మ కూడా ఉంది.

జూన్ 12, గురువారం, సాయంత్రం 6

అద్దెకు అడగడానికి ఒకామె వచ్చింది. ఆస్పత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్. తల్లితో ఉంటుందట. రిజిస్టరు ఇస్తే నవ్వలేదు. బల్ల దగ్గర కూర్చుని పెన్సిలుందా అమ్మా అంది. యాభై నిమిషాలు చదివింది. అద్దె తగ్గించమంటుందని నేను జవాబు సిద్ధం చేసుకున్నాను.

తలెత్తి, మీ మనవరాలు సెలవులకు ఎప్పుడొస్తుందమ్మా అని అడిగింది. మే నెలలో అన్నాను. అయితే చూడండి అని చుక్కలు పెట్టిన పేజీలు తిప్పింది. ఎవరో ఒకరు వచ్చి దిగిన మూడో రోజో నాలుగో రోజో గోడ తడిసింది. ప్రతిసారీ. పెద్ద వానలు పడి, ఎవరూ రాని ఏడాది గోడ పొడిగానే ఉంది. లీకు డాబాలో లేదమ్మా, రెండో బాత్‌రూమ్ పైపులో ఉంది, మీరొక్కరే ఉన్నప్పుడు అది వాడరుగా అంది.

వాన నీరు నెలల తరబడి ఇంకి దిగుతుందని మేస్త్రీ చెప్తే అలాగే రాసుకున్నాను. ముప్పై మూడేళ్ళు సైన్సు చెప్పినదాన్ని. మనుషులొస్తే తడుస్తున్న గోడకు వానను తప్పుపట్టాను.

జూన్ 13, శుక్రవారం

తొమ్మిదిన్నరకు ప్లంబరు వచ్చాడు. పదింబావుకల్లా గోడలోంచి, పైపు మలుపు దగ్గర పగిలిన ఎల్బో తీసి నా చేతిలో పెట్టాడు.

జూన్ 14, శనివారం

సంగతి సెంటు మోసుకెళ్ళినట్టున్నాడు. షాపాయన పూర్తి ధర ఇస్తానని కబురు పెట్టాడు. మళ్ళీ లెక్క వేశాను. అమ్మకమే లాభం, అదీ కొద్దిగా కాదు. పాత లెక్క ఎలా తప్పిందో వెతికాను. అద్దె పక్కన రిపేర్ల ఖర్చు వేయలేదు. మరిచిపోలేదు, వేయలేదు.

అమ్మాయి వచ్చి రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని చదివింది. కాగితాలు మడిచి, మా ఇంట్లో ఉండలేనేమోనని భయంగా ఉంటే ఆ మాట చెప్పమ్మా, ఈ కూడికలు తీసివేతలు నాకెందుకు అంది.

భయమే అన్నాను. డెబ్బై రెండేళ్ళకు ఒకే మాటలో జవాబు చెప్పడం కష్టంగా ఉంది.

కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. తెచ్చుకుంది కూడా. నువ్వు అలిగి వచ్చేసినా ఆ ముప్పై ఎనిమిది మెట్లూ నిన్ను పట్టుకుని ఎక్కించాల్సింది నేనే కదే అమ్మా అంది. తర్వాత ఏడ్చింది. నేను పగిలిన ఎల్బోను ఇటు తిప్పి అటు తిప్పి చూస్తూ కూర్చున్నాను.

జూన్ 16, సోమవారం

జరగవలసినవి:

1. ఫ్లాటు టెక్నీషియన్‌కు పదకొండు నెలలు అద్దెకు. నష్టం ఎంతో నాకు తెలుసు. అల్లుడికి నేనే చెప్పాలి.
2. పదకొండు నెలలకూ నేను అలగకపోతే అమ్మకం. కొంటుందేమో ముందు టెక్నీషియన్‌నే అడగాలి.
3. షాపాయనకు కుదరదని కబురు. సెంటుకు అతని కమీషను, ఒక నమస్కారం.
4. గోడకు అప్పుడే రంగు వేయకూడదు. ఇద్దరు మనుషులు వాడాక కూడా పొడిగా ఉందో లేదో తెలియాలి.
5. రిజిస్టరు ఆమెకు ఇవ్వాలి. ఇక ఆమే రాస్తుంది. ఏం రాసిందని అడగకూడదు.
6. నెలకొకసారి అడగవచ్చు.
7. కొత్త నోటుబుక్కు ఒకటి కొనాలి. అమ్మాయి వంటింటి కుళాయి కారుతోంది.