మౌనిక గీసిన నాయన బొమ్మ

అన్నా,

తాగుడు నిన్ను తీసుకుపోయి నేటికి ఏడాది. నిన్న పూతలపట్టులో కుర్రాళ్లంతా కలిసి పిల్లలకు బొమ్మల పోటీ పెట్టారు. తాగుడు మానమని చెప్పే బొమ్మ గీయాలి. నీ కూతురు మౌనికను నేనే తీసుకెళ్లాను. మిగతా పిల్లలు సీసాలు, పుర్రెలు గీశారు. మౌనిక నిన్ను గీసింది. దాన్ని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని నువ్వు నవ్వుతూ తొక్కుతున్నావు.

"దీంట్లో తాగుడు యాడుండాది పాపా?" అని బొమ్మలు చూడటానికొచ్చిన బడి మేడమ్ అడిగింది.

"లేదు మేడమ్. తాగని రోజు మా నాయన ఇట్లనే ఉంటాడు."

బహుమతి వేరే పిల్లకు వచ్చింది. అయినా ఆ బొమ్మను బడిలో పెట్టుకుంటానని మేడమ్ అడిగితే మౌనిక ఇవ్వలేదు.

"మా నాయన నవ్వేది మా ఇంట్లో ఒగ ఫోటో కూడా లేదు మేడమ్."

ఈ పొద్దున వదిన దండ వేసిన నీ ఫోటో తీసేసి, ఆ మేకుకే ఈ బొమ్మ తగిలించింది.