చీనా ఓడ, సికింద్రాబాద్ బండి

నెల్లికుదురు దగ్గరి మన తండా,
2 అక్టోబరు 2011

మహారాజశ్రీ చత్రు భియా గారి దివ్యసముఖమునకు, సమ్మె పుణ్యమా అని యూనివర్సిటీ మూతపడి మేకల వెంట తిరుగుతున్న తమ్ముడు ప్రేమ్‌సింగ్ వంగి వంగి నమస్కరించి వ్రాయునది ఏమనగా –

ఇక్కడ నిన్ను కన్న యాడి, నిన్ను పెంచి దుబాయ్ పొమ్మన్న బా, మేకలు, అందరం క్షేమం. నీ క్షేమమే తెలియడం లేదు. ముంబై గదిలో ఏజెంటు మీ ఫోన్లన్నీ గుంజుకున్నాడట. అందుకే ఎల్లుండి అక్కడికే వస్తున్న మన తండా వెంకట్ జేబులో ఈ ఉత్తరం పెడుతున్నాను.

నాకు కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే కూర్చోబుద్ధి. కారణం చీనావాళ్లు. నవ్వకు. సెమినార్ కోసం నూట యాభై ఏళ్ల కిందటి ఇంగ్లిష్ చట్టం ఒకటి చదువుతున్నాను. హాంకాంగ్ రేవు నుంచి చీనా కూలీలను ఓడల్లో కుక్కి సముద్రాల అవతలికి తోలేవారు. దారిలోనే చాలామంది చచ్చిపోతుంటే దొరలు చట్టం చేశారు. మనిషికి ఇంత జాగా ఉండాలి, తాగడానికి ఇన్ని నీళ్లు, ఓడలో ఒక డాక్టరు. ఓడ కదిలే ముందు ఒక అధికారి వచ్చి, ఎక్కడికి పోతున్నారో కూలీలకు తెలుసా, ఇష్టంగానే పోతున్నారా అని విచారించాలి. ఎందరు అధికారులు నిజంగా విచారించారో దేవుడికెరుక. కాగితం మీదైనా ఆ ప్రశ్న ఉంది.

మన తండాలో అదీ లేదు. ఏజెంటు వచ్చాడు. "పో బిడ్డా, బతుకుతవ్" అన్నాడు బా. అయిపోయింది. అత్తగారింటికి పంపే పిల్లను అడుగుతామా ఏమన్నా?

అందుకేనేమో, బయలుదేరే రోజు నువ్వు యాడి ముసుగు తలమీద కప్పుకుని, మన పెళ్లికూతుళ్లు ఇల్లు విడుస్తూ ఏడ్చి పాడే ఢావ్లో అందుకున్నావు. ఒక్కొక్కరి మెడ పట్టుకుని మరీ పాడావు. తండా అంతా కడుపు పట్టుకుని నవ్వింది. "గీ పిల్లకు దుబాయ్ షేకు మొగుడు దొరికిండు, సూడుండ్రి" అంది రామి చిన్నమ్మ. నేనూ నవ్వాను. తర్వాత చూసుకుంటే నా భుజం తడిసి ఉంది. వెక్కిరించేవాడికి అన్ని నీళ్లు రావు భియా.

మహబూబాబాద్ స్టేషన్‌లో మా రైల్‌రోకో వల్ల నీ సికింద్రాబాద్ బండి ఆగింది కదా. నువ్వు తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపావు. పట్టాల మీద నుంచి నేను "జై తెలంగాణ" అని అరుస్తూ, మధ్యలో "దిగుతవా భియా" అని కూడా అరిచాను. అన్ని గొంతుల్లో అది నీకు వినపడలేదు. పోలీసులు మమ్మల్ని వ్యానులో వేశారు. బండి కదిలింది.

కావున ఆ రేవు అధికారి పని జీతం లేకుండా నేనే చేస్తున్నాను. ఇష్టంగానే పోతున్నవా భియా? అవునంటే ఎక్కు, నేనిక కిక్కురుమనను. కాదంటే విమానం లేవకముందే తిరిగి రా. బా ఏమంటాడోనని జంకుతున్నావా? సంతకం కింద చూడు.

ఇట్లు,
ఓడ లేని రేవు అధికారి,
నీ ప్రేమ్‌సింగ్

తా.క.: మా నాయకుడు మమ్మల్ని ఆపమన్నది అవతలి పట్టాల మీది బొగ్గు బండిని. నీ బండి ముందు మొదట కూర్చున్నది నేను కాదు. తువ్వాలతో ముఖం దాచుకున్న ఒక ముసలాయన. లేపుదామని పోయి, గుర్తుపట్టి, నేనూ పక్కన కూలబడ్డాను. "నేనే పొమ్మంటి. ఇగ ఏ నోటితోని ఉండుమనాల్రా?" అన్నాడు బా. పోలీసులు గుంజితే ఆయన చెప్పు ఒకటి పట్టాల మధ్యే ఉండిపోయింది. నీకు చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నాడు. నేను చెప్పడం లేదు, రాస్తున్నాను.