పన్నెండో నంబరు గది గోడ

సోమవారం

మేనేజరమ్మ గారికి,

ఇవాళే మీ పన్నెండో నంబరు గదిలో దిగిన తాపీ మేస్త్రి నమస్కారాలు పెట్టి రాసుకునేది.

అమ్మా, ముందుగా నా సంతోషం చెప్పుకోవాలి. ముప్పై ఐదేళ్లు పరంజా మీద నిలబడి గోడలు నున్నగా చేసినవాణ్ని. పోయిన నెలలో ఒక ప్లాస్టరు కంపెనీ వాళ్లు పిలిచి నన్ను టెక్నికల్ డెమాన్‌స్ట్రేటర్‌ని చేశారు. ఊరూరూ తిరిగి, హార్డ్‌వేరు షాపుల దగ్గర మేస్త్రీలను పోగుచేసి, మా సరుకు ఎలా పూయాలో చేసి చూపించడం నా పని. కంపెనీ తరఫున హోటల్లో దిగడం నా జన్మలో ఇదే మొదలు. మా ఇంటావిడ ఈ సంగతి వీధి మొత్తం చెప్పి వచ్చింది, చెప్పినవాళ్లకే రెండోసారి కూడా చెప్పింది.

అసలు సంగతికి వస్తాను. మీ హోటలు పని సగంలో ఆగిపోయిందని గుమ్మంలో అడుగు పెట్టగానే కనిపెట్టాను. మా కళ్లు అలాంటివి. నా గదిలో మంచం వెనక గోడకు పూత లేదు, ఇటుకలు ఇటుకల్లాగే ఉన్నాయి. నేల సిమెంటు దగ్గరే ఆగిపోయింది. పైపులన్నీ పైకప్పు కింద బయటికే ఉన్నాయి. బల్బులు వైర్లకు వేలాడుతున్నాయి. బీరువా ఇంకా రాలేదేమో, చొక్కాలు తగిలించుకోవడానికి ఒక ఇనప గొట్టం కట్టారు. కింద హాల్లో నాలుగు కుర్చీలు నాలుగు రకాలుగా ఉన్నాయి. పాపం, ఇంటికొకటి చొప్పున అడిగి తెచ్చుకున్నట్టున్నారు. ఫోను కనెక్షను కూడా వచ్చినట్టు లేదు. 'ఏం కావాలన్నా ఉత్తరం రాసి తలుపు పక్కన పెట్టెలో వేయండి, మేనేజరు తన చేత్తో జవాబు రాస్తారు' అని బల్ల మీద కాగితాలు, కవర్లు పెట్టారు.

సిగ్గుపడకండి. ఇల్లు కట్టి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు. నేను బయట ఒక్క మాట కూడా అనను.

ఇట్లు,
మీ మేలు కోరే
తాపీ మేస్త్రి

తా.క. బల్బుకు డూము లేదని మా కంపెనీ కరపత్రం గరాటులా చుట్టి తొడిగాను. మీరే ఉంచేసుకోండి.

•

మంగళవారం

గౌరవనీయ అతిథి గారికి,

మేనేజరు వినయంగా రాయునది. మీ ఉత్తరం అందింది. హోటలు తెరిచాక ఆ పెట్టెల్లో పడిన మొదటి ఉత్తరం మీదే. ఇంతవరకు చూయింగ్ గమ్ కాగితాలు తప్ప ఏమీ పడలేదు.

మా హోటలు పూర్తయిందని సవినయంగా తెలియజేస్తున్నాను. ఆ గోడ అలా ఉండాలనే ఉంచాం. ఆర్కిటెక్టు గారు మూడు నెలలు తిరిగి ఆ ఇటుకలను ఏరారు. పైపుల నలుపు సరిగ్గా కుదరలేదని నాలుగుసార్లు రంగు మార్పించారు. కుర్చీలు అడిగి తెచ్చినవి కావు. ఒక్కొక్కటి ఒక్కో ఊళ్లో వెతికి కొన్నాం. ఇప్పుడు నడిచే పద్ధతి ఇదే. ఈ హోటల్లో ప్రతి చెంచా, ప్రతి దిండు గలీబు నా చేతుల మీదుగా లోపలికి వచ్చాయి. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

ఇంకొక్క మాట. యజమాని గారు నన్ను మూడు నెలల పరీక్ష మీద తీసుకున్నారు. 'ఈ లోపల మా మనిషి ఒకరు మామూలు అతిథిలా వచ్చి గొంతెమ్మ కోరికలు కోరతారు. నువ్వెలా నెట్టుకొస్తావో చూసి నాకు చెబుతారు. దాన్నిబట్టే నీ ఉద్యోగం' అన్నారు. ఈ శనివారంతో ఆ గడువు తీరిపోతుంది. ఆ మనిషి ఎవరని నేను అడగను. తాపీ మేస్త్రీలు టై కట్టుకుని విజిటింగ్ కార్డు ఇవ్వడం మాత్రం నేనింతవరకు చూడలేదు. ఇంతకుమించి ఏమీ అనను.

ఇట్లు,
మీ సేవలో
మేనేజరు

తా.క. కాగితం కాలిపోతుందేమోనని గరాటు తీయించాం. మీ గుర్తుగా ఆఫీసులో భద్రంగా పెట్టాను.

•

మంగళవారం సాయంత్రం

మేనేజరమ్మ గారికి,

పన్నెండో గది మేస్త్రి దిగులుగా రాసేది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఉద్యోగం సంగతి చదివాక కాఫీ సహించలేదు. నా టై మీ కంటపడినందుకు సంతోషం, కట్టడం మా అల్లుడు నేర్పాడు.

హోటలు పూర్తయిందని రాశారు. మీ ఆత్మాభిమానం నాకు అర్థమైంది. మా అమ్మాయిదీ ఇదే తీరు. చొక్కా మోచేతి దగ్గర చిరిగితే ఇదే ఫ్యాషను నాన్నా అనేది. నేనూ అవునమ్మా అనేవాణ్ని.

కానీ అమ్మా, ఆ వచ్చే మనిషి మనలాంటివాడు కాకపోవచ్చు. ఇటుకలు బయటపడ్డ గోడ చూసి ఏమంటాడు? మీకు ఒక ఉపాయం చెబుతాను. హోటలంతా శనివారంలోగా ఎలాగూ కాదు. ఒక్క గది పూర్తయి ఉంటే చాలు, 'చూడండి, ఇలా జరుగుతోంది, మిగతావి వరసలో ఉన్నాయి' అని తల ఎత్తుకుని చెప్పుకోవచ్చు. నమూనా బస్తాలు కింద వ్యానులో ఉన్నాయి. షాపులు తెరిచేదాకా నాకు పని లేదు. పొద్దున ఆరింటికి మొదలుపెడితే తొమ్మిదింటికి ఆపేస్తాను. మా సరుకు అరగంటలో బిగుస్తుంది, దుమ్ము లేవదు.

గోడ మీది. మీరు సరే అనకుండా తాపీ ఆనించను. ఒక్క ముక్క రాయండి.

ఇట్లు,
మీ తండ్రిలాంటి
తాపీ మేస్త్రి

తా.క. ఆ మనిషి ఎవరో నేను కనిపెడతాను. పదకొండో గదిలో ఆయన వచ్చీ రాగానే రెండు దిండ్లు అడిగాడు. అతని మీద ఒక కన్నేసి ఉంచాను.

•

మంగళవారం రాత్రి

గౌరవనీయ అతిథి గారికి,

మేనేజరు చిరునవ్వుతో రాయునది.

మీ కోరిక చదివి ముందు గుండె ఝల్లుమంది. తర్వాత నవ్వు వచ్చింది. పడుకునే గదికి తనే పూత పూసుకుంటానన్న అతిథి ఇంకెక్కడా ఉండడు. గొంతెమ్మ వింటే ఆవిడ కూడా తప్పుకుని దారిస్తుంది. మా శిక్షణ పుస్తకం మొదటి పేజీలో, అతిథికి ఎప్పుడూ 'కాదు' అని చెప్పకూడదని ఉంది. నేనూ చెప్పను. నిరభ్యంతరంగా పూసుకోండి. ఆ గది మీ ఇల్లే అనుకోండి.

మీరెంత దూరం వెళ్తే నేనూ అంత దూరం వస్తాను. యజమాని గారికి ఈ మాట తెలిసినా నాకు సంతోషమే.

ఇట్లు,
ఏ పరీక్షకైనా సిద్ధంగా ఉన్న
మేనేజరు

తా.క. నిచ్చెన, నేల మీద పరవడానికి పాత దుప్పట్లు, రెండు బకెట్లు పంపాను. ఎర్ర బకెట్టా, నీలం బకెట్టా మీరు రాయలేదు కాబట్టి రెండూ పంపాను.

•

శుక్రవారం

మేనేజరమ్మ గారికి,

పన్నెండో గది మేస్త్రి ఛాతీ విరుచుకుని రాసేది.

గోడ అయిపోయిందమ్మా. బుధ, గురువారాల్లో పూశాను. ఇవాళ పొద్దున అంచులు సరిచేసి తిన్నటి చెక్క బద్ద ఆనించి చూశాను. ఈ చివర నుంచి ఆ చివరకు వెంట్రుక దూరే సందు లేదు. తూకం గుండు వేలాడదీస్తే తాడు గోడ వెంబడే తిన్నగా దిగింది. గొప్పలు చెప్పుకోవడం కాదు అని రాద్దామనుకున్నాను, కానీ ఇది గొప్పే, ఒప్పుకుంటున్నాను.

ఒక సంగతి చెబుతాను, నవ్వకండి. నేను ఇంతవరకు పూసిన గోడలన్నీ వరసగా నిలబెడితే ఒక ఊరికి ప్రహరీ అవుతుంది. అయినా నేను పూసిన గోడ పక్కన నేనొక్క రోజు కూడా పడుకోలేదు. పూత ఆరీ ఆరకముందే ఇంకో చోటికి వెళ్లిపోవాలి. మా వెనక రంగులవాళ్లు వస్తారు, వాళ్ల వెనక ఇంటివాళ్లు వస్తారు. మేము ఉండేది అద్దె ఇల్లు. దాని గోడ ఎవరు పూశారో గాని వంకర. చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఇవాళ కళ్లు తెరిచి తల తిప్పితే నా గోడ కనిపించింది. దాని మీద ఎండ పడి, ఒక్క నీడ కూడా ఎక్కడా మడత పడలేదు. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇది మీ చలవే.

ఇక ఆ మనిషిని రమ్మనండి.

ఇట్లు,
మీ
తాపీ మేస్త్రి

తా.క. పదకొండో గది ఆయన వచ్చి చూసి, తన గోడ కూడా పూస్తావా అని అడిగాడు. మేనేజరమ్మ గారు రాసిస్తేనే అన్నాను. అతనే ఆ మనిషి అయ్యుంటాడా? నిన్న మూడో దిండు కూడా అడిగాడు.

•

శనివారం, ఉదయం ఎనిమిది గంటలు

మేస్త్రిగారికి,

మేనేజరు హడావిడిగా రాయునది. మీరు టిఫినుకు కిందికి దిగినప్పుడు మీ గదికి వెళ్లాను. గోడ లేదు. అంటే గోడ ఉంది, ఇటుకలు లేవు.

యజమాని గారు పంపిన మనిషి మీరే అనుకున్నాను. పూస్తాను పూస్తాను అని నన్ను ఆటపట్టిస్తున్నారే గాని పూయరనుకున్నాను. అయిపోయిందని నిన్న మీరు రాసినా నమ్మలేదు. ఎత్తుకు పైఎత్తు వేద్దామని బకెట్లు పంపాను. ఇప్పుడు మీ కార్డు మీదున్న నంబరుకు ఫోను చేస్తే, 'అవునండీ, మా మేస్త్రే. ఆయనంత పనివాడు మా దగ్గర ఇంకొకడు లేడు' అన్నారు.

పన్నెండింటికి యజమాని గారు, ఆర్కిటెక్టు గారు ఇద్దరూ వస్తున్నారు. ఎనిమిదేళ్లు వేరే హోటళ్లలో దుప్పట్లు మడతపెట్టి ఈ కుర్చీ దాకా వచ్చాను. చేజేతులా పోగొట్టుకున్నాను. మీ మీద కోపంగా ఉంది. నా మీద అంతకంటే ఎక్కువ కోపంగా ఉంది.

మేనేజరు

తా.క. మా హోటలుకు ఫోను ఉంది. మొదటి రోజు నుంచీ ఉంది.

•

శనివారం, తొమ్మిదిన్నర

అమ్మా,

మేస్త్రి తల వంచుకుని రాసేది.

ఇటుకలు కావాలనే ఉంచారన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. పుర్రెకో బుద్ధి. మీరు చెప్పారు కాబట్టి నమ్ముతున్నాను. మంచి చేయబోయి మీ నోటి దగ్గర కూడు తీశాను. మా అమ్మాయికి ఇలా ఎవరైనా చేసి ఉంటే ఊరుకునేవాణ్ని కాదు.

ఈ ఉత్తరంతో ఇంకో కాగితం పెట్టాను. 'పన్నెండో గది గోడ మేనేజరుకు తెలియకుండా నేనే పూశాను' అని రాసి సంతకం చేశాను. యజమాని గారికి చూపించండి. ఆయన మా కంపెనీకి చెప్పుకున్నా పర్వాలేదు. నా చేతిలో తాపీ ఎక్కడికీ పోదు. రాతపూర్వకంగా అబద్ధం ఆడటం నాకిదే మొదలు. కానీ 'గోడ పాడుచేశాను' అని రాయమంటే మాత్రం రాయలేను, క్షమించాలి.

పదింటికి వ్యాను కదులుతుంది. వెళ్లొస్తాను.

ఇట్లు,
తాపీ మేస్త్రి

తా.క. గీకించాలంటే నీళ్లతో బాగా నానబెట్టి గీకించండి, మీ ఇటుకలకు దెబ్బ తగలదు. గీకేముందు ఒక్కసారి ఎవరైనా గోడ మీద చెయ్యి వేసి చూడండి. నాకు అదే చాలు.

•

సోమవారం

బాబాయిగారికి,

పన్నెండో గది గోడకు వీపు ఆనించి కూర్చుని మేనేజరు రాసేది.

మీ సంతకం కాగితం యజమాని గారికి చూపించలేదు. చించేశాను. మీరు మొదటిసారి ఆడిన అబద్ధం పనికిరాకుండా పోయినందుకు క్షమించండి. 'నేనే ఒప్పుకున్నానండీ. ఆయన మీరు పంపిన మనిషి అనుకున్నాను. నిచ్చెన కూడా నేనే పంపాను' అని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన నవ్వు ఆపుకోలేక మంచం మీద కూలబడ్డారు. 'నేనెవర్నీ పంపలేదమ్మా. ఏ హోటలుకూ ఎప్పుడూ పంపలేదు. కొత్త మేనేజరు ఎవరొచ్చినా ఇదే మాట చెబుతాను. నిజంగా మనిషిని పంపితే ఆ ఒక్కణ్నే బాగా చూసుకుంటారు. ఎవరో తెలియకపోతే అందర్నీ బాగా చూసుకుంటారు' అన్నారు.

మూడు నెలలుగా లేని మనిషి కోసం వచ్చిన ప్రతి మొహంలోనూ వెతికాను, బాబాయిగారూ. ఒక్కరినీ వాళ్ల కోసం చూడలేదు. ఆ మాట తలుచుకుంటే సిగ్గేసింది.

ఈలోపు ఆర్కిటెక్టు గారు గోడ గీకించాల్సిందేనని పట్టుబట్టారు. యజమాని గారు నావైపు తిరిగి, 'మేనేజరువి నువ్వు, చెప్పు' అన్నారు. మీ తాజా కలం గుర్తొచ్చి గోడ మీద చెయ్యి వేశాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తూ తడిమాను. నా చెయ్యి ఎక్కడా ఆగలేదు. 'ఈ గోడ గీకడానికి వీల్లేదండీ' అన్నాను. అది నా నోటి నుంచే వచ్చిందా అని నాకే ఆశ్చర్యం వేసింది. ఆర్కిటెక్టు గారు మొహం ముడుచుకున్నారు. నేను మాత్రం మాట మార్చలేదు.

యజమాని గారు మంచం మీంచి లేచి సంచిలోంచి నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం తీశారు. పక్కనే బల్ల ఉన్నా మీ గోడకే ఆనించి సంతకం పెట్టారు. కలం ఒక్కచోట కూడా ఎగరలేదు.

ఇట్లు,
మీ గోడను చూసి గర్వపడే
మేనేజరు

తా.క. ఆ గది చూడటానికి వచ్చినవాళ్లకు ఆర్కిటెక్టు గారు, 'హోటలంతటి గరుకు మధ్య ఒక్క నున్నటి గోడ, ఇది నా ఊహ' అని చెబుతున్నారు. అందుకని ఒక ఇత్తడి పలక చేయిస్తున్నాను. రిజిస్టరులోనూ, మీరిచ్చిన కార్డు మీదా మీ కంపెనీ పేరే ఉంది. ఇన్ని ఉత్తరాల్లోనూ మీరు తాపీ మేస్త్రి అనే రాశారు. చించేసిన కాగితం మీద సంతకం ఉంది గాని ముక్కలు ఎంత అతికినా చదవడం నా వల్ల కాలేదు. మీ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా రాసి పంపండి. పలక మాత్రం తలుపుకే బిగిస్తాం. ఆ గోడకు మేకు కొట్టనివ్వను.