పక్క చక్రాల పని

నరసరావుపేట,
ఆదివారం.

ఫాయిజా బేటీకి,

అస్సలాము అలైకుమ్. ఇక్కడ నేనూ మీ అమ్మీ బాగానే ఉన్నాం, ఆమె మోకాలి నొప్పి సంగతి పక్కన పెడితే. మాచర్లలో నువ్వు, బాబు సుహైల్ కులాసాగా ఉన్నారని అల్లుడు అన్సార్ చెప్పాడు. ఫోన్ చేస్తే మీ అత్తగారు స్పీకర్ పెట్టమంటారని నువ్వు ఉత్తరం రాశావు. అందుకే నేనూ రాస్తున్నాను.

షాపులో సగం పని ఆపేస్తున్నానట, నష్టం వచ్చిందా అని అడిగావు. నష్టం కాదు. స్కూటర్లకు పక్క చక్రాలు బిగించే పని ఒక్కటే ఆపేస్తున్నాను. ఒకప్పుడు వినుకొండ, గురజాల నుంచి కూడా పోలియో కాళ్లవాళ్లు వచ్చేవారు. ఇప్పుడు వచ్చే కొద్దిమందీ నడివయసు దాటినవాళ్లే. కుర్రవాళ్లెవరూ ఆ కాలుతో నా షాపు మెట్టెక్కి చాలా ఏళ్లయింది. చుక్కలు, సూదులు వచ్చి నా బేరం పోయింది. పోవలసిన బేరమే. మామూలు రిపేర్లతో ఇల్లు గడుస్తుంది. దిగులుపడకు.

ఇక నువ్వు అడిగిన అసలు సంగతి. మొదటి టీకా సూదికి బాబుకు జ్వరం వచ్చిందని, రెండోది వద్దని మీ అత్తగారు పట్టుబట్టారన్నావు. ఆవిడకు నచ్చజెప్పమన్నావు, నీ పేరు మాత్రం చెప్పొద్దన్నావు. చెప్పలేదు. సత్తెనపల్లి పెళ్లి చూసుకుని ఆవిడ మీ అమ్మీని పలకరించడానికి నిన్న మన ఇంటికి వచ్చారు. షాపు ముందు కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటే ఈపూరు పుల్లారావు తన స్కూటర్ కోసం వచ్చాడు. వాళ్ల మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"కాలికేమయింది బాబూ?" అన్నారు మీ అత్తగారు.

"పోలియో అక్కా. రెండేళ్లప్పుడు జొరం వచ్చింది. పోతాపోతా కాలు తీసుకుపోయింది."

"మా మనవడికి సూదేస్తేనే జొరం వచ్చిందయ్యా. రెండు రాత్రులు ఒకటే ఏడుపు. మా అన్సార్ పనికే పోలా. ఇక చాలన్నా."

పుల్లారావు నవ్వాడు. "రెండు రోజుల పనేగా పోయింది! మా అమ్మ కూలి మానుకుని నన్ను చంకనేసుకుని బడికి మోసింది. ఇంట్లో పనికని మా అక్కని బడి మానిపించారు. నాకు మూడెకరాలుంది, దున్నేది కౌలుదారు. ఇదంతా ఒక్క జొరానికే. మీ వోడి జొరం పోయేటప్పుడు ఏమన్నా పట్టుకుపోయిందా?"

"చానా నోరుందే నీకు!"

"కాలు ఆడనప్పుడు నోరన్నా ఆడాలిగా అక్కా."

మీ అత్తగారు నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టి నన్ను అడిగారు. "అన్నా, ఆలస్యమైంది కదా, మళ్లీ మొదట్నుంచి వేయాలా?" అక్కర్లేదు, ఆగినచోటి నుంచే వేస్తారని ఇక్కడి నర్సమ్మను అడిగి తెలుసుకున్నాను. అదే చెప్పాను. ఈ సూదులు పోలియో ఒక్కదానికే కాదు, కోరింత దగ్గుకు, ధనుర్వాతానికి కూడా అని చెప్పాను.

"అయితే బుధవారం సూదికి నేనే ఎత్తుకుపోతా. జొరమొస్తే నేనే కూర్చుంటా. అన్సార్‌ని పనికి పొమ్మంటా" అన్నారు.

ఆవిడ మంగళవారం అక్కడికి వస్తారు. అంతకంటే ముందే ఇది నీకు చేరాలని, ఆవిడతో పాటు వచ్చి ఈ సాయంత్రమే తిరిగి బయల్దేరుతున్న అన్సార్ చేతికిస్తున్నాను.

ఇప్పుడొక మాట ఒప్పుకోవాలి. పుల్లారావు అనుకోకుండా రాలేదు. అతని స్కూటర్ పని ఎప్పుడో అయిపోయింది. మీ అత్తగారు వస్తున్నారని తెలిసి, నిన్నటిదాకా ఏదో ఒక సాకు చెప్పి ఆపాను. నోటికొచ్చినట్టు తిట్టాడు, పడ్డాను. ఏం మాట్లాడాలో మాత్రం అతనికి నేను చెప్పలేదు. చెప్పినా వినే మనిషి కాదు. నేను బోధిస్తే మీ అత్తగారు వియ్యంకుడి పెత్తనం అనుకునేవారు. బుధవారం గడిచాక ఈ సంగతి ఆవిడకు నేనే చెబుతాను. తిడితే అవీ పడతాను.

పుల్లారావు బండికి బిగించినవే ఆఖరి చక్రాలు. మిగిలిన ఇనుములో కొంచెం దాచాను. సుహైల్‌కు సైకిల్ కొన్నప్పుడు చిన్న పక్క చక్రాలు చేసి బిగిస్తాను. తొక్కడం వచ్చాక తీసేస్తాను. ఇన్నేళ్లలో నేను బిగించిన చక్రాల్లో మళ్లీ విప్పేది ఆ ఒక్క జతే అవుతుంది.

ఇట్లు,
సుహైల్ తాత, నీ అబ్బా,
సుభానీ