ముగ్గురు తోలే బండి

ఓబులేసన్నా,

నువ్వు చదవవు గాబట్టి మొహమాటం లేకుండా రాస్తాండా. మీ జపాన్ డ్రైవరు నిన్న ఇక్కడ లుసైల్‌లో కార్ల రేసుకొచ్చినాడు. రూములో నీ మంచం పైన ఫోటో అతికించుకుంటివే, ఆయనే. ఆయనకిదే ఆఖరి ఏడాదంట. మనకు వీసా ఇచ్చిన కఫీల్ పెద్దకొడుకును రేసుకు తీస్కపోయినా, నేనూ చూసినా.

ఏళ్ల తరబడి రెండోవాడిగానే వచ్చి, ఆఖరికి గెలిచినాడని ఆయన కథ చెప్తాంటివి. "ఫ్రాన్సులో ఇరవైనాలుగు గంటలు ఒక్కడే తోలినాడురా. మనకు పద్దెనిమిది గంటల డ్యూటీ ఒక లెక్కా?" అంటాంటివి. వంటింట్లో నేను కునుకు తీస్తే నవ్వుతాంటివి.

నిన్న రెండు గంటలు తోలినాడన్నా, అంతే. ఆయన దిగినాడు, ఇంకొకడు ఎక్కినాడు. ఏమైందని అడిగితే కఫీల్ కొడుకు నన్ను ఎగాదిగా చూసినాడు. ఇట్లాంటి రేసులో బండికి ముగ్గురు డ్రైవర్లంట, ఎక్కడైనా అంతేనంట. అలిసినోణ్ణి తోలనీకూడదని రూలంట. మీ డ్రైవరు లోపలికి పోయి పడుకున్నాడు.

ఆ ముక్క తెలీకుండానే నువ్వు అల్ ఖోర్ రోడ్డులో స్టీరింగ్ మీద నిద్రపోయి చచ్చినావు.

రేసు అయిపోయినాక "యల్లా, అల్ ఖోర్‌కు పోనీ" అన్నాడు కఫీల్ కొడుకు. పొద్దున నాలుగు నుంచి డ్యూటీలో ఉండా. సరే అని బండి తీసినా.

నీ బండే అది. షెడ్డులో బాగుచేయించి, నాకు లైసెన్సు ఉందని వంటింట్లో నుంచి పిల్చి తాళాలిచ్చినారు. నువ్వు పొడుగు గదా, సీటు ముందుకు జరుపుకున్నా. మన బండికి డ్రైవరు మారింది ఆ ఒక్కసారే.