పాత బల్ల మీది ఫోన్లో పదకొండు కబుర్లు

అక్కకి,

నీ ఫోన్లకు పలకకపోవడం పంతం వల్ల కాదు. మా ఆఫీసులో ఎవరూ ఫోన్ ఎత్తకపోతే, నాలుగు మోతల తరువాత పిలిచినవాళ్ళ మాట రికార్డయి ఆ నంబరు వాయిస్‌మెయిల్‌లో చేరుతుంది. మనం పోట్లాడుకున్న వారమే నన్ను పై అంతస్తుకు మార్చారు, నంబరూ మారింది. నీ దగ్గరున్నది పాతదే. కింద నా పాత బల్ల మీది ఫోన్లో, మెసేజి ఉందని చెప్పే ఎర్రదీపం మూడు నెలలుగా వెలుగుతూనే ఉంది, చూసేవాళ్ళు లేరు.

నిన్న ఆఫీసు ఫోన్లు చూసే ఆపరేటరమ్మ తన దగ్గరికి పిలిచి, "ఆ నంబరు కొత్తవాళ్ళకి ఇస్తున్నాం. మీకు పదకొండు మెసేజిలున్నాయి, వినేయండి" అంది. అన్నీ నీవే. మొదటిదాంట్లో క్షమించమన్నావు. చివరిదాంట్లో, "మాట్లాడకపోతే పోనీలేరా, దగ్గు తగ్గిందో లేదో చెప్పు చాలు" అన్నావు. ఆపరేటరమ్మ ముందే ఏడ్చేశాను.

నువ్వే పలకరించడం లేదని నేనూ బిగుసుకు కూర్చున్నానక్కా. దగ్గు తగ్గింది. ఆదివారం వస్తున్నాను, తిట్టాలనుకున్నవన్నీ ఎదురుగానే తిట్టు.

నీ తమ్ముడు